చెయ్యకుండా ఆగాం సరే, ఆ తర్వాత?

అందరికీ నమస్కారం. ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ గురించి ఎవరు మాట్లాడినా కంపల్షన్‌ని, అంటే మళ్ళీ మళ్ళీ చెయ్యాలనిపించే పనిని, ఎలా ఆపుకోవాలి అన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించేస్తుంటారు. ఆపుకున్నాక ఏమవుతుందో పెద్దగా ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో చాలామంది చేతులెత్తేసేది సరిగ్గా అక్కడే, అందుకని ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

తాళం రెండోసారి లాగి చూడకుండా వచ్చేశారనుకోండి. లేదా చేతులు ఒక్కసారి కడిగి కుళాయి కట్టేశారు. లేదా "నా మాటకి నువ్వేమీ బాధపడలేదు కదా" అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు. లెక్కప్రకారం ఇది గెలుపు, భుజం తట్టుకోవాల్సిన సమయం. కానీ లోపల ఎలా ఉంటుంది? ఏదో నేరం చేసి దొరక్కుండా తిరుగుతున్నట్టు ఉంటుంది. నిర్లక్ష్యం చేశానేమో, నా సుఖం చూసుకుని ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చానేమో, మంచివాళ్ళెవరైనా ఇలా చేస్తారా, ఇదీ వరస. భయమైతే పళ్ళు బిగించి భరించొచ్చు. "నేను చెడ్డవాణ్ణి" అన్న ఫీలింగ్‌ని అలా భరించడం కష్టం, ఎందుకంటే దాన్ని భరిస్తూ ఊరుకోవడం కూడా ఇంకో తప్పులాగే అనిపిస్తుంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్టునీ కాదు. ఓసీడీ ఉన్నవాణ్ణి, థెరపీ తీసుకున్నవాణ్ణి, దీని గురించి దొరికిందల్లా చదివేవాణ్ణి. ఆ చదవడం కూడా కంపల్షన్ అయిపోతుందని మీలో కొంతమందికి తెలుసు, అదిగో నవ్వుతున్నారు.

ఇంట్లోవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి వాళ్ళ కోసం రెండు మాటలు. వద్దన్నా పదేపదే వచ్చిపడే ఆలోచనలు, ఊహలు, అనుమానాలు అబ్సెషన్లు. వాటివల్ల వచ్చే టెన్షన్ దించుకోవడానికో, ఏదో కీడు జరక్కుండా చూసుకోవడానికో చేసేవి కంపల్షన్లు. కడగడం, తాళాలు చూడడం, వరసగా సర్దడం బయటికి కనిపిస్తాయి కాబట్టి అందరికీ తెలుసు. కనిపించనివి బోలెడు. జరిగిపోయినదాన్ని మనసులో వెనక్కి తిప్పి తిప్పి చూసుకోవడం, ఒక చెడు ఊహ వస్తే దానికి విరుగుడుగా ఒక మంచి మాట లోపల అనుకోవడం, చిన్నాచితకా తప్పులన్నీ ఎవరో ఒకరి దగ్గర ఒప్పేసుకోవడం, నెట్‌లో వెతకడం, "ఏం కాదు కదా" అని అడగడం. మనిషి కుర్చీలో కదలకుండా కూర్చునే ఉంటాడు, లోపల రెండు గంటలుగా విచారణ నడుస్తూ ఉంటుంది. ఇవన్నీ కలిపి రోజుకి గంటకి మించి తినేస్తున్నా, బతుకుని ఇబ్బంది పెడుతున్నా డాక్టర్లు దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు. టేబుల్ నీట్‌గా సర్దుకునేవాళ్ళు "నాకు కొంచెం ఓసీడీ ఉందిలే" అంటే నాకు కోపం రాదు గానీ నవ్వు కూడా రాదు.

సరే, సందేహం దగ్గరికి వద్దాం. 19వ శతాబ్దంలో ఫ్రెంచి డాక్టర్లు ఈ జబ్బుని సందేహాల పిచ్చి అనేవాళ్ళు. పేరు మొరటుగా ఉంది గానీ రోగం ఆయువుపట్టు దొరకబుచ్చుకున్నారు. రైలు ఎన్నింటికి అని సందేహం వస్తే టికెట్ చూస్తాం, అక్కడితో అయిపోతుంది. ఓసీడీ సందేహానికి ఆ 'అయిపోవడం' అనేది లేదు. చూసినకొద్దీ పెరుగుతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ ఒక ప్రయోగం అచ్చువేశారు. ఓసీడీ లేని మామూలు విద్యార్థులని కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, దాన్ని వెలిగించి, ఆపి, ఆగిందో లేదో చూడమన్నారు. కొంతమంది చేత అదే స్టవ్‌ని మళ్ళీ మళ్ళీ చెక్ చేయించారు, మిగతావాళ్ళకి మధ్యలో స్టవ్ బదులు లైట్లు ఇచ్చారు. చివర్లో అందరి చేతా స్టవ్ చెక్ చేయించి, ఆఖరిసారి ఏ బర్నర్లు చెక్ చేశారో అడిగితే రెండు గుంపులూ దాదాపు ఒకేలా సరిగ్గా చెప్పాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, స్టవ్‌ని పదేపదే చూసినవాళ్ళకి ఆ జ్ఞాపకం మసగ్గా ఉంది, వివరాలు పలచబడ్డాయి, తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం పడిపోయింది.

నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. వాళ్ళు జబ్బున్నవాళ్ళు కాదు, భయపడుతున్నవాళ్ళు కాదు, అది నిజమైన స్టవ్ కూడా కాదు. ఒట్టి చూడడం చాలు, నమ్మకం కరిగిపోవడానికి. మనమేమో సందేహం ఉంది కాబట్టి చూస్తున్నామనుకుంటాం. చూడడమే సందేహాన్ని పుట్టిస్తుంటే "ఇంకొక్కసారి చూస్తే ఖాయం అయిపోతుంది" అన్న మాటకి అర్థం లేదు, ఆ దారి ఎటు పోతుందో పదో సారి చూసినవాళ్ళందరికీ తెలుసు.

గిల్ట్ సంగతి ఇంకా చిక్కు. జెసూట్లనే కాథలిక్ క్రైస్తవ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా కథ వినండి. 1522 ప్రాంతంలో స్పెయిన్‌లోని మన్రేసా అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఆయనకి పాత పాపాల గురించి తీరని అనుమానాలు పట్టుకున్నాయి. గురువు దగ్గర పాపాలన్నీ చెప్పేసుకున్నా ఏదో ఒకటి మిగిలిపోయిందేమోనని మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవాడు. చివరికి ఆయన గురువు ఒక ఆజ్ఞ వేశాడు: పాత విషయాలేవీ ఇక చెప్పొద్దు, మరీ స్పష్టంగా పాపం అని తెలిసినవి తప్ప. మంచి సలహాలాగే ఉంది కదా? ఆయనకి మాత్రం అది ఏ రకంగానూ పనికిరాలేదు, ఎందుకంటే ఆయనకి అన్నీ చాలా స్పష్టంగానే కనిపిస్తున్నాయి. ఈ సంగతి ఆయనే తన జీవితకథలో చెప్పుకున్నాడు. ఐదొందల ఏళ్ళ కిందటి మనిషికి ఓసీడీ అని ముద్ర వెయ్యడం నా పని కాదు. కానీ "మినహాయింపు ఒక్కటి ఇచ్చారంటే చాలు, నా కేసు ఆ మినహాయింపు కిందికే వస్తుంది" అని మనసు ఎలా వాదిస్తుందో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఎందుకిలా అవుతుంది? 1985లో బ్రిటిష్ సైకాలజిస్టు పాల్ సల్కోవ్‌స్కిస్ ఒక మాట ముందుకు తెచ్చాడు, బాధ్యతని అతిగా మీద వేసుకోవడం అని. దారిలో గాజుపెంకు కనబడింది. మీరు దాటి వెళ్ళిపోయారు. మామూలుగా అందరూ "అయ్యో, తీసేసి ఉంటే బాగుండేది" అనుకుని మర్చిపోతారు. మనకి అలా జరగదు. నేను చూశాను, చూసి కూడా తియ్యలేదు, కాబట్టి ఇప్పుడు ఎవరి కాలైనా తెగితే కోసింది నేనే. ఆపగలిగి ఆపకపోవడం, చేతులారా చెయ్యడం, రెండూ ఒకటే అయిపోతాయి. దీనికి ఇంకొకటి తోడవుతుంది: చెడు ఆలోచన రావడం చెడు పని చెయ్యడంతో సమానమే అన్న నమ్మకం. బిడ్డని ఎత్తుకున్న తల్లికి "కింద పడేస్తేనో" అని ఒక ఊహ మెరుస్తుంది, ఇక ఆమె తనని తాను హంతకురాలి కింద జమకట్టుకుంటుంది.

ఆ ఊహలు అందరికీ వస్తాయి. 1978లో స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు, ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా ఇలాంటి ఆలోచనలే వస్తాయని, విడిగా రాసి చూపిస్తే ఏది ఎవరిదో చెప్పడం అంత తేలిక కాదని చూపించారు. 2014లో 13 దేశాల్లో 777 మంది విద్యార్థులని అడిగితే దాదాపు 94 శాతం మంది గత మూడు నెలల్లో కనీసం ఒక్కటైనా ఇలాంటి అక్కర్లేని ఆలోచన వచ్చిందన్నారు. ఈ లెక్క వినగానే మీలో కొంతమందికి హాయిగా అనిపించి ఉంటుంది. ఆ హాయి ఇంటికి వెళ్ళేదాకా ఉంటుందో లేదో చూడండి. "వాళ్ళకి వచ్చేవి వేరు, నాకు వచ్చింది వేరు, నాకు అది వచ్చినప్పుడు ఒక్క క్షణం ఎలాగో అనిపించింది" అని మొదలవుతుంది. అందుకే లెక్కలు ఒకసారి తెలుసుకుంటే మంచిది, మందు బిళ్ళలా రోజూ వేసుకోవడానికి మాత్రం పనికిరావు.

ఇప్పుడు అసలు విషయం. తంతు, అంటే కంపల్షన్, చెయ్యకుండా ఆగిన మొదటి అరగంటలో మనసు ఏమేం అంటుందో కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే ఇవి ముందే తెలిసి ఉంటే దెబ్బ కొంచెం తక్కువ తగులుతుంది.

మొట్టమొదటిది, "మిగతావన్నీ ఓసీడీయే, ఒప్పుకుంటాను, కానీ ఈసారిది కాదేమో." ఇది ఎంత నమ్మబలికేలా వస్తుందంటే, నిన్నటి భయం ఇవాళ మీకే నవ్వు తెప్పిస్తుంటుంది, ఇవాళ్టిది మాత్రం అచ్చం నిజంలా ఉంటుంది. నిన్నటిది కూడా నిన్న ఇలాగే ఉండేది కదా. ఇక్కడ 'ఇది ఓసీడీనా కాదా' అని తేల్చుకోవడానికి కూర్చుంటే అయిపోయినట్టే, ఎందుకంటే ఆ తేల్చుకోవడమే కొత్త తంతు. తాళం చూడలేదు సరే, తాళం చూడనవసరం లేదని మనసులో గంటసేపు రుజువు చేసుకున్నారు. తేడా ఏముంది?

ఇంకొకటి ఉంది, దీన్ని బయటికి చెప్పుకోవడానికి జనం సిగ్గుపడతారు. "ఓసీడీ అని పేరు పెట్టుకుని నా బాధ్యత తప్పించుకుంటున్నాను. నాకు అసలు జబ్బే లేదేమో, డాక్టర్ని కూడా మోసం చేశానేమో." ఇది ట్రీట్‌మెంట్ పనిచెయ్యడం మొదలయ్యాక ఎక్కువగా వస్తుంది. ఇంత సులువుగా ఆపగలిగానంటే ఇన్నాళ్ళూ నాటకమేనా అని. సులువుగా ఆపారా? పక్కనున్నవాళ్ళని అడగండి, చెప్తారు. ఆగండి, అడగొద్దు, అది కూడా తంతే.

అన్నిటికంటే దొంగదెబ్బ ఇంకోటి. కొన్నాళ్ళకి ఆ ఊహ వచ్చినా పెద్దగా భయం వెయ్యదు. అలవాటైపోతుంది. ట్రీట్‌మెంట్ కోరుకునేదే అది. సరిగ్గా అప్పుడు, "భయం వెయ్యలేదంటే నాకది ఇష్టమన్నమాట. ఇంతకుముందు కనీసం బాధపడేవాణ్ణి, ఆ బాధే నేను మంచివాణ్ణనడానికి సాక్ష్యం, ఇప్పుడు అదీ పోయింది" అని వస్తుంది. దాంతో మనిషి భయాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తాడు. నయమవుతున్నందుకు గిల్టీగా ఫీలవ్వడం అనేది వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఈ గదిలో కనీసం కొంతమంది తలలు ఊపుతున్నారు.

ఇందుకే నాకు "మంచివాళ్ళకే ఓసీడీ వస్తుంది" అనే ఓదార్పు నచ్చదు. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు. ఆలోచనలు మనం విలువిచ్చే చోటే వచ్చి పట్టుకుంటాయి, అంతవరకు నిజమే. కానీ "నువ్వు మంచివాడివి" అన్న సర్టిఫికెట్టు కోసమే కదా మనం ఇన్నేళ్ళుగా తిరుగుతున్నది. సందేహం రోజూ గుమ్మంలోకొచ్చే వడ్డీ వ్యాపారి లాంటిది, ఆ సర్టిఫికెట్టు వాడికి కట్టే డబ్బు. కట్టిన ప్రతిసారీ ఆ పూటకి గుమ్మం దిగి వెళ్ళిపోతాడు, కట్టిందంతా వడ్డీకే సరిపోతుంది, అసలు పైసా తరగదు, పైగా ఈ ఇల్లు కడుతుందని తెలిసింది కాబట్టి రేపు ఇంకాస్త పెందలాడే వస్తాడు.

మరి ఏం చెయ్యాలి? 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు, అప్పటిదాకా ఏ ట్రీట్‌మెంట్‌కీ లొంగని ఇద్దరు పేషెంట్లని ఆస్పత్రిలో ఉంచి, వాళ్ళు భయపడే పరిస్థితుల్లోకి తీసుకెళ్ళి, తంతు మాత్రం చెయ్యనివ్వకుండా చూశాడు. ఇద్దరికీ బాగా తగ్గింది. ఇప్పుడు మనం ఈఆర్పీ అంటున్న పద్ధతి, అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అక్కణ్ణించి పెరిగింది. ఇప్పుడైతే ఎవరూ బలవంతంగా ఆపరు, ఆపేది మనమే, ఏది ముందు ఏది తర్వాత అన్నది కూడా థెరపిస్టుతో కూర్చుని మనమే నిర్ణయించుకుంటాం. భయానికి ఎక్స్‌పోజర్ అంటే అందరికీ అర్థమవుతుంది: మురికి అనిపించేది ముట్టుకోవడం, కడుక్కోకుండా ఉండడం. గిల్ట్‌కి కూడా అదే వర్తిస్తుందని మాత్రం చాలామందికి తట్టదు. గిల్ట్ వచ్చింది కాబట్టి ఏదో చెయ్యాలి అనుకుంటాం. ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ గిల్ట్ పక్కన ఉండగానే మన పని మనం చేసుకోవడమే ఇక్కడ ఎక్స్‌పోజర్.

అంటే ఎలా? "ఎవరికైనా దెబ్బ తగిలిందేమో" అని వస్తే "లేదు, తగల్లేదు" అని జవాబు చెప్పకండి, "తగిలింది" అని కూడా చెప్పకండి. తగిలి ఉండొచ్చు, తగలకపోయి ఉండొచ్చు, ఇప్పుడు నేను తేల్చను. అంతే, అక్కడ ఆపాలి. నీరసంగా, కాస్త విసుగ్గా చెప్పినా ఫర్వాలేదు. ఆ వాక్యాన్ని కూడా టెన్షన్ తగ్గేదాకా ఇరవై సార్లు జపం చేశారంటే అదీ తంతే అయిపోయింది. "ఇది ఓసీడీ" అని గుర్తుపట్టడం కూడా అంతే, ఒక్కసారి గుర్తుపడితే ఉపయోగం, పదిసార్లు అంటే మనల్ని మనం బుజ్జగించుకోవడం.

ఆలోచన రాకుండా ఆపాలని మాత్రం చూడకండి. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు అని చెప్తే జనానికి అదే గుర్తొస్తూ ఉండిపోయింది, ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు అన్నప్పుడైతే ఇంకా ఎక్కువ వచ్చింది. ఆలోచన రావడం మన చేతుల్లో లేదు. దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టి జవాబులివ్వడం మన చేతుల్లో ఉంది. లోపల చేసే తంతులని ఆపడం ఎందుకు కష్టమంటే పట్టుకోవడానికి చెయ్యి కనపడదు. ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు, సగంలో ఉండగా "అరె, మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తున్నాను" అని తెలుస్తుంది. తెలిసిన చోటే వదిలెయ్యండి, ముగింపు దాకా వెళ్ళకుండా, వాక్యం మధ్యలోనే. అసంపూర్తిగా వదలడం భలే ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందే మీరు మొయ్యాల్సింది. ఛాతీ మీద బరువుగా, కడుపులో తిప్పుతున్నట్టుగా ఉంటుంది, ఉండనివ్వండి, అది తగ్గాక గిన్నెలు కడుగుదాం, తగ్గాక ఫోన్ చేద్దాం అని పెట్టుకోకండి, బరువుతోనే కడగండి, బరువుతోనే ఫోన్ చెయ్యండి.

"మరి నిజమైన గిల్ట్ వస్తే ఎలా తెలుస్తుంది?" అని తప్పకుండా అడుగుతారు. నిజంగా ఎవరినైనా నొప్పించినప్పుడు ఏం చెయ్యాలో సాధారణంగా కనిపిస్తూనే ఉంటుంది: ఒకసారి క్షమాపణ చెప్పడం, పాడుచేసింది బాగుచెయ్యడం. చేశాక కూడా బాధ ఉండొచ్చు గానీ పని మిగలదు. ఓసీడీ గిల్ట్‌కి చెయ్యాల్సిన పని ఎప్పటికీ పూర్తికాదు, చెప్పిన క్షమాపణలో ఒక మాట తప్పిందని మళ్ళీ పిలుస్తుంది. ఈ తేడా ఉపయోగపడుతుంది కానీ చూశారా, దీన్ని ఇప్పుడే కొంతమంది నోట్ చేసుకుంటున్నారు, రేపట్నుంచి ప్రతి గిల్ట్‌నీ దీని మీద గీసి చూసుకోవడానికి. అలా వాడకండి. అనుమానం ఉంటే తేలనివ్వకుండా వదిలెయ్యండి. దీనివల్ల ఎప్పుడో ఒకసారి నిజంగా చెప్పాల్సిన క్షమాపణ ఒకటి చెప్పకుండా ఉండిపోవచ్చు. అవును, ఉండిపోవచ్చు. ఓసీడీ లేనివాళ్ళందరూ ఆ రిస్కుతోనే బతుకుతున్నారు.

కొంతమంది విషయంలో నిజంగానే పాతది ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు చెప్పిన అబద్ధం, పరీక్షలో కాపీ, ఎవరినో ఏడిపించడం. ఊహ కాదు, జరిగింది. వీళ్ళకి "అది ఓసీడీలే" అంటే సగం అబద్ధం చెప్పినట్టు ఉంటుంది, వాళ్ళూ నమ్మరు. జరిగింది నిజం, తప్పు కూడా నిజం కావచ్చు. కానీ పదేళ్ళుగా రోజూ దాన్ని తిరగేసి, అప్పుడు నా ఉద్దేశం సరిగ్గా ఏమిటి, ఎంత శాతం తెలిసి చేశాను అని తవ్వడం మాత్రం పశ్చాత్తాపం కాదు. ఆ తవ్వకం వల్ల ఆ ఏడిపించబడ్డ మనిషికి ఇసుమంత మేలు జరగలేదు. ఇక్కడ కూడా కంపల్షన్ ఏదో దాన్నే ఆపాలి. జరిగినదాన్ని తుడిచెయ్యడం కుదరదు, అక్కర్లేదు కూడా.

ఇంకో విషయం గమనించారా, ఈ గిల్ట్ లెక్కలు ఒకవైపే చూస్తాయి. తాళం చూడకపోతే దొంగలు పడతారేమో అన్నది లెక్కలోకి వస్తుంది. తాళం చూస్తూ నలభై నిమిషాలు నిలబడితే లోపల పాప ఆకలితో ఎదురుచూసింది అన్నది రాదు. జరగొచ్చేమో అన్న నష్టానికి బోలెడు శిక్ష, జరుగుతున్న నష్టానికి ఏమీ లేదు. ఇది చెప్పి మీకు ఇంకో గిల్ట్ అంటగట్టాలని కాదు, దయచేసి దాన్ని ఇంటికి మోసుకుపోకండి. తంతు చెయ్యడమే జాగ్రత్త, చెయ్యకపోవడం నిర్లక్ష్యం అనే లెక్క తప్పుడు లెక్క అని చెప్పడానికే ఇదంతా.

ఇంట్లోవాళ్ళకి. "ఏం కాదులే, నువ్వు బాగానే చేశావు" అనడం మీ తప్పు కాదు, ఎదుటి మనిషి అల్లాడిపోతుంటే ఎవరైనా అదే అంటారు. కానీ పొద్దున్నించి ఆరోసారి అదే ప్రశ్న వస్తుంటే మీ జవాబు కూడా తంతులో భాగం అయిపోయిందన్నమాట. ఒక్కరోజులో మొహం మీద తలుపు వేసినట్టు ఆపకండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి: "ఇది ఓసీడీ అడుగుతున్నట్టుంది, దానికి జవాబు చెప్పను, నీతో మాత్రం కూర్చుంటాను." మాట ఇదే ఉండాలని లేదు. జవాబు ఆగిపోవాలి, మనిషి తోడు ఆగిపోకూడదు. అడిగినవాళ్ళు కోప్పడతారు, కొన్నిసార్లు ఏడుస్తారు. అప్పుడు మీకు కూడా గిల్ట్ వస్తుంది, ఇంత కఠినంగా ఉన్నానా అని. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా అప్పుడు మీకూ వర్తిస్తుంది.

తంతు చేసేసిన రోజుల సంగతి కూడా ఒకటుంది. ఆగలేకపోయారు, చూసేశారు, అడిగేశారు. ఇక "థెరపీ కూడా సరిగ్గా చెయ్యలేనివాణ్ణి" అని దాని మీద ఇంకో విచారణ మొదలు. దీనికి పెద్ద వైద్యం ఏమీ లేదు, వచ్చేసారి చూద్దాం అనుకోవడమే. పూర్తిగా ఆపలేకపోతే పది నిమిషాలు వాయిదా వెయ్యండి, లేదా తంతుని కావాలని అడ్డదిడ్డంగా, సగం సగంగా చెయ్యండి. ఈఆర్పీని తు.చ. తప్పకుండా చెయ్యాలనే పట్టుదల కూడా ఓసీడీ వేసుకొచ్చిన ఇంకో వేషం కావొచ్చు.

ఇలా చేస్తే గిల్ట్ తగ్గుతుందా అంటే, చాలామందికి కాలం గడిచేకొద్దీ పలచబడుతుంది. కానీ తగ్గిందా లేదా అని ప్రతిసారీ కొలిచి చూసుకోకండి. మిషెల్ క్రాస్కే లాంటి పరిశోధకులు అనేది కూడా అదే: ఆ పూట భయం ఎంత దిగిందన్నది ముఖ్యం కాదు, అనుకున్న ఉపద్రవం రాలేదనో, వచ్చిన ఆ ఫీలింగ్‌ని నేను భరించగలిగాననో మెదడు కొత్తగా ఒకటి నేర్చుకోవడం ముఖ్యం. గిల్ట్ విషయంలో ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఎక్కడో ఎవరికో నావల్ల ఏమీ కాలేదని రుజువయ్యే రోజు ఎప్పటికీ రాదు.

మందుల గురించి రెండు ముక్కలు. ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు ఓసీడీకి పనిచేస్తాయి, డిప్రెషన్‌కి ఇచ్చే డోసు కంటే తరచు ఎక్కువ కావాల్సి వస్తుంది, సరిగ్గా తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే పనిచెయ్యలేదని మానెయ్యకండి, సొంతంగా అసలు మానెయ్యకండి. క్లోమిప్రమిన్ అని పాత మందు ఒకటుంది, అదీ పనిచేస్తుంది. 2005లో ఎడ్నా ఫోవా బృందం ఈఆర్పీని, క్లోమిప్రమిన్‌ని, రెండూ కలిపి ఇచ్చినదాన్ని ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూస్తే మూడూ ఉత్తుత్తి బిళ్ళ కంటే మెరుగ్గా తేలాయి, ఈఆర్పీ ఉన్నవి ఒట్టి మందు కంటే ముందున్నాయి. మందు వేసుకోవడం ఓడిపోవడమేమో అన్న గిల్ట్ కూడా కొందరికి ఉంటుంది, దాన్నీ మిగతావాటితో పాటే పక్కన పెట్టండి.

చెప్పుకోలేని ఆలోచనలు ఉన్నవాళ్ళు, అంటే సొంతవాళ్ళని గాయపరుస్తానేమో, దైవాన్ని తిడతానేమో, అసహ్యమైన ఊహలు వస్తున్నాయి అనేవాళ్ళు, డాక్టర్ దగ్గర ఇవి మింగేసి కడుక్కోవడం గురించి మాత్రమే చెప్పి వచ్చేస్తుంటారు. ఓసీడీ తెలిసిన డాక్టర్లకి ఇవి కొత్తేమీ కాదు, మొహం మార్చకుండా వింటారు. మొదటి డాక్టర్ సరిగ్గా వినకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. ఈ గిల్ట్ మోయలేక బతకాలనిపించడం లేదు అన్న దాకా వచ్చి ఉంటే మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పిన 'తేల్చకుండా వదిలెయ్యడం' దానికి వర్తించదు. అది ఈ రోజే ఎవరో ఒకరికి చెప్పాలి, ఈ రోజే డాక్టర్ని కలవాలి.

నా సమయం అయిపోయిందని అక్కడ చెయ్యి ఊపుతున్నారు. ప్రశ్నలు అడగండి, ఉన్నంతసేపు చెప్తాను. ఒక్క షరతు. "నాకు వస్తున్నది నిజంగా ఓసీడీయేనంటారా" అన్న ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పను. ఇప్పటికే డాక్టర్ని అడిగినవాళ్ళు మళ్ళీ అడగొద్దు, ఇంకా అడగనివాళ్ళు నన్ను కాకుండా డాక్టర్ని అడగండి. మైక్ వెనక వరస నుంచి ఇవ్వండి, ముందు కూర్చున్నవాళ్ళే ఎప్పుడూ అడుగుతారు.